వెబ్ ఆప్షన్ల సీజన్లో సూపర్‌విజన్: ఒక కెరీర్ కౌన్సెలర్ అనుభవం

"నీ పనే సలహాలివ్వడం కదా, మళ్ళీ నీకు సలహాలిచ్చేవాళ్ళెందుకు?" అని మా ఆయన అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక. నెలకు రెండుసార్లు డబ్బు కట్టి నా కేసుల గురించి ఇంకొకరి ముందు కూర్చుని మాట్లాడతానంటే వినేవాళ్ళకు వింతగానే ఉంటుంది. దీన్నే సూపర్‌విజన్ అంటారు. మా వృత్తిలోనే చాలామందికి వింతగా ఉంది, ఇక ఆయన్ని అనుకోవడమెందుకు.

నేను విజయవాడలో కెరీర్ కౌన్సెలర్‌ని. వారంలో సగం రోజులు ఒక ఇంటర్ కాలేజీలో పనిచేస్తాను. మిగతా రోజులు పటమటలో అద్దెకు తీసుకున్న చిన్న గదిలో సొంతంగా చూస్తాను. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు, ఇంటర్ తర్వాత ఏ కోర్సు, సీఎస్‌ఈ రాకపోతే ఈసీఈలో చేరాలా, నీట్‌కు లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక ఏడాది పాటు కోచింగ్) పెట్టించాలా వద్దా... నా దగ్గరికొచ్చే ప్రశ్నలివి. ఇదే పనిలో ఉన్న కొందరు "సూపర్‌విజన్ అంటే అసలేం చేస్తారు, అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు" అని అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఇందులోని పిల్లల వివరాలన్నీ మార్చేశాను.

మా పనికి ఒక క్యాలెండర్ ఉంది, అది మా చేతిలో ఉండదు. జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, ఏప్రిల్‌లో రెండోది, మధ్యలో ఇంటర్ పరీక్షలు. మేలో నీట్, ఈఏపీసెట్. ఆ తర్వాత జోసా రౌండ్లు (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కేటాయింపు), వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలు, కోర్సులు వరసగా ఆన్‌లైన్లో పెట్టడం), స్పాట్ అడ్మిషన్లు. 2024లో ఇదంతా మరీ ముదిరింది. నీట్ ఫలితాలు జూన్ 14న అన్నవాళ్ళు జూన్ 4నే వదిలేశారు. ఆ రోజు ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఊరంతా టీవీల ముందుంటే నేను ఫోన్లో ఉన్నాను. తర్వాత గ్రేస్ మార్కుల గొడవ, 1,563 మందికి మళ్ళీ పరీక్ష రాసే అవకాశం, సుప్రీంకోర్టులో విచారణ, జులై ఆఖర్లో సవరించిన ఫలితాలు. ఏ ర్యాంకు నమ్ముకుని ఏ కోర్సు పట్టుకోవాలో పిల్లలకు తెలియదు, పెద్దవాళ్ళకు తెలియదు, వాళ్ళకు చెప్పాల్సిన నాకూ తెలియదు. తెలియదంటే ఊరుకోరు కదా. పొద్దున చెప్పిందే సాయంత్రం మళ్ళీ చెప్పించుకునేవారు.

ఆ వేసవిలో నాలో గమనించుకున్నవన్నీ చిన్న చిన్న సంగతులే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చిన చప్పుడు వింటే కడుపులో తిప్పేది. "అన్నం కలుపుకుంటూ కూడా ఎవరికో కాలేజీల పేర్లు అప్పజెబుతున్నావేమ్మా" అని మా అత్తయ్య అన్నారు. మా వాడు అప్పుడే పదో తరగతిలోకి వచ్చాడు. వాడికి ఏ సబ్జెక్టు ఇష్టమో నాకంటే వాళ్ళ నానమ్మకే బాగా తెలుసు. ఊళ్ళో పిల్లలందరి ఆసక్తులూ ఆరు రకాలుగా విడదీసి చార్టు గీసిచ్చే మనిషిని నేను.

మొదట అందరూ చేసేదే చేశాను. టైమ్‌టేబుల్ గీశాను, ఫోన్ వేరే గదిలో పెట్టాను, పొద్దున్నే నడక మొదలుపెట్టాను. ఏదీ నిలవలేదు. ఫోన్ వేరే గదిలో ఉన్నా మనసు దాని దగ్గరే ఉండేది.

సూపర్‌విజన్ అన్న ఆలోచన డాలస్‌లో ఉండే స్నేహితురాలి వల్ల వచ్చింది. ఎం.ఎస్సీ. సైకాలజీ కలిసి చదువుకున్నాం. తను అక్కడ ప్రొఫెషనల్ కౌన్సెలర్ లైసెన్సు కోసం తయారవుతోంది. టెక్సస్‌లో ఆ లైసెన్సు రావాలంటే 3,000 గంటలు ఒక సూపర్‌వైజర్ కింద పనిచేయాలి. బ్రిటన్‌లోనైతే బీఏసీపీ (అక్కడి కౌన్సెలర్ల సంఘం) అక్రెడిటేషన్ ఉన్న కౌన్సెలర్లు ఎంత తలపండినవాళ్ళైనా నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తీసుకోవాల్సిందే. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ అనే ప్రభుత్వ మండలి ఉంది, దాని నియమాలున్నాయి. కెరీర్ కౌన్సెలర్‌కు అలాంటిదేమీ అక్కర్లేదు. రేపు పొద్దున బోర్డు రాయించి తగిలించుకుంటే కౌన్సెలరే. కాబట్టి సూపర్‌విజన్ తీసుకోమని నన్నడిగేవాళ్ళు లేరు, తీసుకున్నా మెచ్చుకునేవాళ్ళు లేరు.

మనిషి దొరకడం అంత తేలిక కాలేదు. మొదట అడిగిన ఒకాయన నెల రోజుల సర్టిఫికెట్ కోర్సు అమ్మజూపారు. ఇంకొకావిడ మంచి థెరపిస్టే గానీ, "కెరీర్ విషయాల్లో అంత లోతేముంటుందండీ" అన్నారు. కొడుకు సివిల్ ఇంజినీరింగ్ తీసుకుంటానన్నాడని భోజనం మానేసిన తండ్రిని ఆవిడ చూసి ఉండరు. చివరికి పాత ప్రొఫెసర్ ఒకరు విశాఖలో ఉండే ఒక పెద్దావిడ ఫోన్ నంబరిచ్చారు. ఆవిడ చాలా ఏళ్ళు పిల్లలతో పనిచేశారు, కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చారు, తెలుగులో మాట్లాడతారు. ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. "మా పరువు తీస్తున్నాడండీ" అని ఒక అమ్మ అన్న మాటను ఇంగ్లీషులో చెబితే అందులో సగం కారిపోతుంది.

మొదటి కాల్‌లో మేడమ్ కేసుల జోలికే పోలేదు. ముందు ఒప్పందం రాసుకున్నాం. రెండు వారాలకోసారి గంట, జూన్ నుంచి ఆగస్టు దాకా వారం వారం, ఆన్‌లైన్లో. గంటకు 1,500 రూపాయలు. పిల్లల పేర్లు, కాలేజీ పేరు చెప్పకూడదు. నా కేసులు ఇంకొకరితో చర్చిస్తానని వచ్చినవాళ్ళకు నేను ముందే చెప్పి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోవాలి. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం గోప్యత పక్కకు పోతుంది. నా పద్ధతి ఎవరికైనా హాని చేసేలా ఉందని ఆవిడకు అనిపిస్తే ముందు నాతోనే చెబుతారు, నేను వినకపోతే ఏం చేస్తారో కూడా రాశాం. అది చదివినప్పుడు కొంచెం గుచ్చుకుంది. తర్వాత ధైర్యంగానూ అనిపించింది, నా పని మీద చూపున్న మనిషి ఒకరున్నారని.

కాలేజీలో నా పైన ఒక ఇన్‌ఛార్జి ఉంటారు. నెలకు ఎంతమంది పిల్లల్ని చూశానన్న లెక్క ఆయనకు కావాలి. మేడమ్‌కు ఆ లెక్క అక్కర్లేదు, ఎవరికీ రిపోర్టు పంపరు. బ్రిజిడ్ ప్రాక్టర్ అనే బ్రిటిష్ ఆవిడ సూపర్‌విజన్‌కు మూడు పనులున్నాయని చెప్పారట: పని పద్ధతిగా సాగుతోందా చూడటం, పని నేర్పడం, పని చేసే మనిషి తేరుకునేలా చేయడం. నేను మూడోదాని కోసమే వెళ్ళాను. మొదటి రెండూ లేకుండా మూడోది రాదని మేడమ్ మొహమాటం లేకుండా చెప్పారు. "ఊరికే కష్టం చెప్పుకోవడానికైతే స్నేహితులు చాలమ్మా, నాకు డబ్బెందుకు దండగ" అన్నారు.

రెండో సెషన్లో నా కాల్ లాగ్ తీయమన్నారు. నెల రోజుల కాల్స్‌లో బాగా పొడుగైనవి ఏరి, ఒక్కోదాని పక్కన అవతలివాళ్ళు కొత్తగా అడిగిందేమిటో రాయించారు. రాస్తుంటే తేలింది: పొడుగు కాల్స్ పిల్లలవి కావు, దాదాపు అన్నీ అమ్మలవి, నాన్నలవి. కొత్త ప్రశ్న ఉన్నవి చాలా తక్కువ. ఏ కాలేజీలో కిందటేడు ఎంత ర్యాంకుకు సీటు ఆగిందో వాళ్ళకు అప్పటికే కంఠతా వచ్చు. వాళ్ళకు కావాల్సింది "ఫరవాలేదమ్మా" అనే గొంతు. రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లోవాళ్ళు పడుకున్నాక, భయం మొదలయ్యే వేళకు చేసిన కాల్స్ అవి.

ఇక అసలు మలుపు. ఒక అమ్మాయి, బైపీసీ, నీట్ రెండుసార్లు రాసింది. అగ్రికల్చర్ బీఎస్సీ అంటే ఇష్టం. తండ్రికి మూడో ప్రయత్నానికి లాంగ్ టర్మ్ పెట్టించాలని. ఆయన నా గదిలో కూర్చుని, "నాకు చదువు లేదు మేడమ్. మీరేదంటే అదే. మీరే చెప్పేయండి" అన్నారు. చేతులు జోడించి మరీ అన్నారు. ఆ వారమంతా ఆ కేసు నాతోనే తిరిగింది. పప్పు తాలింపు పెడుతూ ఆ పిల్ల మార్కులు లెక్కేసుకున్నాను.

సెషన్లో కేసంతా వివరంగా చెప్పాను. రెండు ప్రయత్నాల మధ్య పెరిగిన మార్కులు, కోచింగ్ ఫీజు, ఇంటి అప్పు, అమ్మాయి మాట్లాడే తీరు, అన్నీ. చెప్పి, "ఇంతకీ ఆయనకు ఏం చెప్పమంటారు మేడమ్? మీరే చెప్పండి" అన్నాను.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ మాట ఈ వారంలో నీతో ఇంకెవరన్నారు?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. "చూడమ్మా, ఆయన బరువు నీ నెత్తికొచ్చింది. నువ్విప్పుడు తెచ్చి నాకిస్తున్నావు. నేను పుచ్చుకుంటే ఈ రాత్రికి నేను మోయాలి. నాకు షుగరుంది, నాకొద్దు" అన్నారు. గదిలో క్లయింటుకూ కౌన్సెలర్‌కూ మధ్య జరిగేది సూపర్‌విజన్లో కౌన్సెలర్‌కూ సూపర్‌వైజర్‌కూ మధ్య మళ్ళీ నడుస్తుందని హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1955లోనే రాశారని తర్వాత చెప్పారు. చదివి ఉంటే పరీక్షలో రాసేదాన్నేమో. నా నోటితోనే అని నేనే వినడం వేరు.

ఆ నిర్ణయం తిరిగి ఎవరిదో వాళ్ళకెలా అప్పగించాలన్నదే ఆ తర్వాతి పని. ఇది చెప్పినంత సులువు కాదు. "మీ ఇష్టమండీ" అని చేతులు దులుపుకుంటే ఆ తండ్రిని నడిరోడ్డు మీద వదిలేసినట్టే. మేడమ్‌తో కలిసి వచ్చే భేటీకి తయారయ్యాను. మాట్లాడేది ముందు అమ్మాయి, తర్వాత తండ్రి, ఆఖరున నేను. ఒక కాగితం మీద రెండు దారులు, ఒక్కోదానికి ఏడాది ఖర్చు, మళ్ళీ రాకపోతే తర్వాత ఏంటి అన్నది, వాళ్ళ చేతిరాతతోనే. సెషన్‌ను వాళ్ళ అనుమతితో రికార్డు చేసి, అందులో ఒక ముక్క మేడమ్‌తో కలిసి విన్నాను. మన గొంతు మనం వినడం ఎంత చిరాకో రేడియోలో పనిచేసేవాళ్ళకు తెలిసే ఉంటుంది.

వాళ్ళు మూడో ప్రయత్నానికి లాంగ్ టర్మ్‌కే వెళ్ళారు. నా మనసులో ఉన్నది అది కాదు. కానీ "ఇదే ఆఖరు, రాకపోతే అగ్రికల్చర్" అని ఆ అమ్మాయి తండ్రి చేత ఆ కాగితం మీదే సంతకం పెట్టించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. నిజం చెప్పాలంటే, పని గంటలు ఒక్కటీ తగ్గకముందే నిద్ర పట్టడం మొదలైంది. ఇంటికీ ఆఫీసుకూ మధ్య సమతూకం గంటల లెక్క అని అనుకునేదాన్ని. నాకు మాత్రం ఎవరి బరువు ఎవరు మోస్తున్నారన్నదే ముందు తేలాల్సి వచ్చింది.

గంటలు ఆ తర్వాత తగ్గాయి. డొనాల్డ్ సూపర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పిన ఇంద్రధనుస్సు బొమ్మ మా వృత్తిలో అందరికీ తెలుసు: బిడ్డ, విద్యార్థి, ఉద్యోగి, ఇల్లు చూసుకునే మనిషి, పౌరుడు, ఇలా మనిషి ఒకేసారి మోసే పాత్రలన్నిటినీ రంగులుగా చూపించేది. నేనది పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇచ్చేదాన్ని. మేడమ్ నా చేత రెండు వేయించారు, ఒకటి జులైకి, ఒకటి నవంబరుకి. జులై బొమ్మలో ఒకటే రంగు. దాన్ని అన్ని నెలలకూ సమానంగా పంచాలని కూర్చున్నాను, ఆవిడ ఒప్పుకోలేదు. "జులైలో నీకు సమతూకం రాదు, రాదని ఒప్పుకో. గుంటూరు మిర్చి యార్డుకు కూడా సీజన్ అయ్యాక సెలవులిస్తారు. నీ సెలవులెప్పుడో ముందే రాసిపెట్టుకో" అన్నారు. అందుకని ఇప్పుడు అక్టోబరు, నవంబరుల్లో కొత్త కేసులు బాగా తగ్గిస్తాను. ఆ నెలల ఆదాయం కూడా తగ్గుతుంది. ఇది అందరికీ కుదిరే పని కాదని తెలుసు. మా ఇంట్లో రెండో జీతం ఉంది.

సీజన్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. పనికి వేరే సిమ్. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత అది మోగదు. అప్పుడు మెసేజ్ పెట్టినవాళ్ళకు తిరుగు జవాబు దానంతటదే వెళుతుంది: రేపు ఎన్నింటికి మాట్లాడతానో, మనసు బాగోకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చని. వెబ్ ఆప్షన్ల గురించి అందరూ అడిగేవి ఆదివారం పొద్దున ఒకే చోట అందరికీ చెప్పేస్తాను. ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలి, జోసాలో ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అంటే ఏంటి, మన రాష్ట్రంలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఈఏపీసెట్ ర్యాంకును ఎలా మారుస్తుంది, ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇస్తాను. ఈ కాగితమే నా సాయంత్రాలను ఎక్కువగా కాపాడింది. కొందరికి కోపమొచ్చింది. "ఫీజు తీసుకుని ఫోనెత్తకపోతే ఎట్లా మేడమ్" అని ఒకాయన వేరే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళిపోయారు. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

కట్టుబాటు తప్పిన రాత్రి కూడా ఉంది. 2025 వేసవిలో ఒక అబ్బాయి హాస్టల్ నుంచి నా సొంత నంబరుకు మెసేజ్ పెట్టాడు, ఇక తనకు ఏ కోర్సూ అక్కర్లేదని. అది కోర్సు గురించి కాదని అర్థమైంది. వెంటనే ఫోన్ చేశాను. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది ఉత్త భయమేనని మేడమ్ అంతకుముందే నాతో సాధన చేయించారు. అవునన్నాడు. వార్డెన్ అతని పక్కకు వచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. తల్లిదండ్రులు ఊరి నుంచి బయల్దేరారు, మర్నాడు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇప్పుడు బాగున్నాడు.

మర్నాడు పొద్దున మేడమ్ వేళ కాకపోయినా అరగంట ఇచ్చారు. ఏం చేశాను, ఏ వరసలో చేశాను అని మొదట అడిగారు. ఎవరెవరికి చెప్పాను, ఎక్కడ రాసిపెట్టాను అన్నది తర్వాత. ఆ తర్వాతే, "నువ్వేమైనా తిన్నావా?" అని. తినలేదు. నా చేతులు ఇంకా వణుకుతున్న సంగతి ఆవిడ అడిగేదాకా నాకే తెలియలేదు. ఆ రోజు అపాయింట్‌మెంట్లు మానుకోమన్నారు, మానుకున్నాను. ఇలాంటి రాత్రి తర్వాత మాట్లాడుకునే మనిషి లేకుండా మర్నాడు తొమ్మిదింటికి ఇంకో పిల్లాడి ముందు కూర్చునే కౌన్సెలర్లు మన ఊళ్ళలో ఎంతమందో.

సూపర్‌విజన్లో కుదరనివీ ఉన్నాయి. మా వాడి గ్రూపు సంగతి వచ్చినప్పుడు నేను అదుపు తప్పాను. వాడు సీఈసీ అన్నాడు. ఊరందరికీ "పిల్లల ఇష్టం ముఖ్యం" అని చెప్పే నాకు లోపల ఎంపీసీ కొట్టుకుంది. ఈ సంగతి మేడమ్ దగ్గర ఎత్తితే రెండు ప్రశ్నలడిగారు, ఇద్దరు అమ్మల కేసుల్లో నేనెందుకు అంతసేపు ఇరుక్కున్నానో దాంతో తేలింది. అక్కడితో ఆపేశారు. "ఈ విషయం నీ కేసుల్లోకి ఎంతవరకు వస్తోందో అంతవరకే నా పని. మిగతాదానికి వేరే మనిషి కావాలి" అని ఇంకొకరి పేరు చెప్పారు. కొన్నాళ్ళు ఆ ఇంకొకరి దగ్గరికీ వెళ్ళాను. మా వాడు సీఈసీలోనే ఉన్నాడు.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖలో కోచింగ్‌కు వచ్చి చనిపోయిన ఒక విద్యార్థిని కేసు అది. వంద, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. మంచి మాట. మా కాలేజీ వాళ్ళు చేసిందేమిటంటే, నా గది బయట ఉన్న బోర్డు మార్చి మానసిక ఆరోగ్యమంతా నా పేరు మీద రాసేశారు. మేడమ్ సాయంతో ఒక ఉత్తరం రాశాను: నేను కెరీర్ కౌన్సెలర్‌ని, నా చదువు ఇంతవరకు, దీని పైబడినవి ఫలానా వాళ్ళకు పంపుతాను, దానికి సంస్థ ఏర్పాటు చేయాలి, నా సూపర్‌విజన్ గంటలు పని గంటల్లో లెక్కకట్టాలి అని. "పైన ఇంకొకరు చూడాలంటే మీకు పని రాదన్నమాటేనా?" అని ఇన్‌ఛార్జి అడిగారు. పెద్ద డాక్టర్లు కూడా కష్టమైన కేసు ఇంకో డాక్టర్‌తో మాట్లాడతారు కదండీ అన్నాను. బోర్డు మళ్ళీ మార్చారు. వారానికి రెండు పూటలు ఒక సైకాలజిస్టును రప్పిస్తున్నారు. సూపర్‌విజన్ గంటల సంగతి మాత్రం "చూద్దాం" దగ్గరే ఉంది, ఖర్చు నాదే.

ఆ ఖర్చు భరించలేనివాళ్ళ కోసం ఇప్పుడు కొందరం కలిసి ఒక గ్రూపు నడుపుతున్నాం. విజయవాడ, గుంటూరు, వరంగల్, హైదరాబాద్ వాళ్ళం. నెలలో రెండో ఆదివారం గూగుల్ మీట్‌లో. ఒకరు కేసు చెబుతారు, మిగతావాళ్ళు ముందు ప్రశ్నలే అడగాలి. సలహా ఆఖరి పావుగంటలోనే. ఈ ఒక్క నియమం పాటించడానికి మాకు చాలా నెలలు పట్టింది. అందరం సలహాలిచ్చి బతికేవాళ్ళమే కదా. మూడు నెలలకోసారి మేడమ్ వస్తారు, ఆ ఫీజు పంచుకుంటాం. తెలంగాణ వాళ్ళకు వెయిటేజీ గొడవ లేదు, మాకు ఉంది, ఆ ముచ్చట్లతో కొంత సమయం పోతూనే ఉంటుంది.

కొత్తగా పనిలోకొచ్చిన ఇద్దరు నన్నే సూపర్‌విజన్ ఇవ్వమని అడిగారు. మేడమ్‌ను అడిగితే ఇంకా వద్దన్నారు, కేసులు చూడటం వేరు, కేసులు చూసేవాళ్ళను చూడటం వేరు, దానికి విడిగా నేర్చుకోవాలని. ముందు గ్రూపులో ఆ ఇద్దరికీ చోటిచ్చాం. ఈ ఏడాది జేఈఈ రెండో విడత ఫలితాలు రాకముందే వాళ్ళ చేత కాల్ లాగ్ రాయించడం మొదలుపెట్టాం.